జైలుకూ దుకాణానికీ నడుమ: మత్తుమందుల విధానంపై ఒక సమీక్ష

ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో కొన్ని ఊళ్లలో సర్కారు లైసెన్సుతో నడిచే భంగు దుకాణాలున్నాయి. బోర్డు పెట్టుకుని, పట్టపగలు, అందరి కళ్లముందే అమ్ముతారు. అక్కడ నూరి అమ్మేది గంజాయి మొక్క ఆకే. అదే మొక్క పూతకొసలు ఎండబెట్టి, కిలోకు మించి సంచిలో వేసుకుని నర్సీపట్నంలో బస్సెక్కినవాడు దొరికితే పదేళ్ల దాకా జైలు. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పడవచ్చు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని నిర్వచిస్తూ పూత, కాయ పట్టిన కొసలనే లెక్కలోకి తీసుకుంది. కొసలు కలవని ఆకులనూ గింజలనూ వదిలేసి, వాటి సంగతి రాష్ట్రాలను చూసుకోమంది.

ఈ తేడాను చూపించి "అయితే గంజాయినీ వదిలేయండి" అనేవాళ్లున్నారు, "అయితే భంగునూ మూయించండి" అనేవాళ్లూ ఉన్నారు. మత్తుమందుల చర్చ ప్రపంచమంతటా ఈ రెండు కేకల మధ్యే నలుగుతోంది. నిజానికి వీటి నడుమ చాలా మెట్లున్నాయి. పూర్తి నిషేధం ఒకటి. అమ్మకం నేరంగానే ఉంచి, సొంతానికి వాడుకునేవాడిని జైలు నుంచి తప్పించడం రెండోది. వ్యసనపరుడికి డాక్టరు కళ్లముందే మందు ఇచ్చి నిలబెట్టడం మూడోది. ప్రభుత్వమే పండింపజేసి, కొలిచి, పేరు రాసుకుని అమ్మించడం నాలుగోది. ప్రైవేటు దుకాణాలకు లైసెన్సులిచ్చి పన్ను వసూలు చేసుకోవడం అయిదోది. గత యాభై ఏళ్లలో ఏదో ఒక దేశం వీటిలో ప్రతిదాన్నీ చేసి చూసింది. ఆ ఫలితాలను పక్కపక్కన పెడితే, చట్టం పేరు ఏమిటన్నది ఒక్కటే అంతా తేల్చదని అర్థమవుతుంది. డబ్బు ఎవరి చేతికి పోతోంది, సంకెళ్లు ఎవరి చేతికి పడుతున్నాయి, వైద్యం ముందొచ్చిందా సడలింపు ముందొచ్చిందా అన్నవే ఎక్కువ తేలుస్తున్నాయి.

నిషేధం వచ్చిన దారి

గంజాయిని నిషేధించాలా వద్దా అన్న ప్రశ్నకు ఈ దేశంలో తొలి పెద్ద విచారణ బ్రిటిష్ కాలంలోనే జరిగింది. 1893లో వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విని, మరుసటి ఏడాది ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్దగా హాని కనిపించడం లేదని, అతి వాడకం మాత్రం చెరుపేనని చెప్పింది. పూర్తి నిషేధం వద్దు, లైసెన్సులతో, పన్నుతో అదుపులో ఉంచండి అంది. ఖజానాకు ఆదాయం వచ్చే సలహా గనుక దొరలకు అది రుచించడంలో వింత లేదు. కానీ నివేదికలోని పరిశీలన ఈనాటికీ పరిశోధకులు తిరగేస్తున్నంత లోతైనది.

1961లో ఐక్యరాజ్యసమితి మత్తుమందుల ఒడంబడిక వచ్చింది. సంప్రదాయ వాడకాన్ని ఆపడానికి భారత్ వంటి దేశాలకు పాతికేళ్ల గడువు దొరికింది. 1971 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మాదకద్రవ్యాల వాడకాన్ని దేశపు మొదటి శత్రువుగా ప్రకటించాక, ప్రపంచమంతా ఈ సమస్యను పోలీసు కంటితో చూడడం మొదలుపెట్టింది. మన గడువు ముగిసే వేళకు, 1985లో, ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. 1989 సవరణ బెయిలును దాదాపు అసాధ్యం చేసింది. కొన్ని నేరాలు రెండోసారి చేస్తే ఉరిశిక్షనూ చేర్చింది. 2001లో పరిమాణాన్ని బట్టి శిక్షను మూడంచెలు చేశారు. 2014లో వైద్యానికి అవసరమైన మందులకు దారి సులువు చేశారు. 2020 డిసెంబరులో, అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి గంజాయిని తీసేయాలన్న తీర్మానం ఐరాస కమిషన్‌లో 27–25 ఓట్లతో నెగ్గింది. తీసేయమన్న 27 దేశాల్లో భారత్ కూడా ఒకటి. బయట వేసిన ఆ ఓటు ఇంట్లో చట్టాన్ని మాత్రం కదిలించలేదు.

నిషేధం వైపున్న బలం

నిషేధాన్ని సమర్థించేవాళ్లను ఛాందసులని కొట్టిపారేయడం తేలికే గానీ, వాళ్ల వాదనలో పస ఉంది. దొరకడం కష్టమైతే వాడేవాళ్లు తగ్గుతారన్నది వాళ్ల మూలసూత్రం. కేంద్ర సామాజిక న్యాయశాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదలైన జాతీయ సర్వేలో, పది నుంచి డెబ్బయ్యయిదేళ్ల వయసు వాళ్లలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్లమంది. గంజాయి, చరస్ వాడేవాళ్లు 1.2 శాతం. చట్టం ఒప్పుకున్న భంగు 2 శాతం. అలవాట్లకు, సంస్కృతికి కూడా ఇందులో వాటా ఉంది. అయినా వీధి చివర దుకాణం ఉన్న మత్తుకూ, దాక్కుని కొనాల్సిన మత్తుకూ వాడకంలో ఇంత ఎడం ఉండడాన్ని పక్కన పెట్టలేం.

సరఫరాను అణచడం సాధ్యమేనని చూపించిన తాజా ఉదాహరణ అఫ్ఘానిస్థాన్. 2022 ఏప్రిల్‌లో తాలిబన్లు గసగసాల సాగును నిషేధించారు. మరుసటి ఏడాదికి సాగు 95 శాతం పడిపోయిందని ఐరాస మాదకద్రవ్యాల విభాగం లెక్కగట్టింది. కానీ ఆ రైతులు ఒక్క ఏడాదిలో వంద కోట్ల డాలర్లకు పైగా ఆదాయం పోగొట్టుకున్నారు. బదులు పంట చూపించినవాడు లేడు. నల్లమందు ధర చుక్కలనంటింది, నిల్వలున్న వ్యాపారులే బాగుపడ్డారు.

నిషేధపు ఖరీదు

డ్రగ్స్ అనగానే మన టీవీ చానళ్లకు పబ్బులు, ఫామ్‌హౌస్ పార్టీలు, సినిమావాళ్ల పేర్లు గుర్తొస్తాయి. మన గంజాయి కేసులు మాత్రం చాలా ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల దారిలో పడతాయి. అక్కడ పండే శీలావతి రకానికి తమిళనాడు, కేరళ, మహారాష్ట్రల దాకా గిరాకీ. విత్తనమూ పెట్టుబడీ ఇచ్చేవాడు బయటివాడు, కొనుక్కుపోయేవాడూ బయటివాడే. పండించేది గిరిజనుడు. రోడ్డు లేని ఊళ్లో పసుపుకూ పిప్పళ్లకూ దళారి చెప్పిందే ధర. గంజాయికైతే కొనేవాడు గుమ్మం ముందుకొచ్చి రొక్కం ఇస్తాడు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలకు పైగా పట్టుబడిన సరుకును కుప్పలు పోసి తగలబెట్టారు. ఆంధ్ర వైపు సాగు బాగా తగ్గిన మాట నిజం. కానీ పంట ఒడిశా వైపు జరిగి, రవాణా మాత్రం మన ఘాట్ రోడ్ల మీదుగానే సాగుతోంది.

ఆ రవాణాలో దొరికేవాళ్లెవరు? కూరగాయల లోడు కింద బస్తాలు పెట్టుకున్న వ్యాను డ్రైవరు, కొన్ని వేల రూపాయలకు బ్యాగు మోసిన ఇంజినీరింగ్ విద్యార్థి, చెక్‌పోస్టు తప్పించి అడవిదారి చూపించిన కొండ కుర్రాడు. పట్టుబడింది వాణిజ్య పరిమాణమైతే, అంటే గంజాయి ఇరవై కిలోలు దాటితే, ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ అడ్డొస్తుంది. నిందితుడు నేరం చేసి ఉండడని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొచ్చినా మళ్లీ నేరం చేయడని జడ్జికి అనిపిస్తేనే బెయిలు. విచారణ మొదలవకముందే నిర్దోషినని దాదాపు రుజువు చేసుకోవాలన్నమాట. సరుకు అసలు యజమాని ఫోనులో ఒక గొంతుగానే మిగిలిపోతాడు. అధికారుల ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పడం కొంత ఊరటే గానీ, అది ఉపయోగపడేది విచారణ దాకా వచ్చాక. ఏళ్ల తరబడి రిమాండులో ఉన్నవాడికి విచారణే శిక్ష.

బయట పెద్దగా మాట్లాడుకోని మరో నష్టం ఉంది. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు జిగురు ఎగుమతి చేసే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సున్న రైతులు పండిస్తారు. ఘాజీపూర్, నీమచ్ సర్కారు ఫ్యాక్టరీలు దాన్ని శుద్ధి చేస్తాయి. ఆ దేశంలోనే 1985 చట్టం తర్వాత పన్నెండేళ్లలో వైద్యానికి మార్ఫిన్ వాడకం దాదాపు 97 శాతం పడిపోయింది. ఒక్క మందుసీసా కోసం ఆసుపత్రి నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది, ఒకదాని గడువు తీరేలోగా ఇంకొకటి చేతికొచ్చేది కాదు. డాక్టర్లు కేసుల భయంతో రాయడమే మానేశారు. ఆ కాలంలో చదువుకున్న డాక్టర్లలో చాలామందికి మార్ఫిన్ వాడడమే రాదు. చివరి దశ క్యాన్సర్ రోగి నొప్పితో అరుస్తుంటే పారాసిటమాల్ బిళ్ల చేతిలో పెట్టి పంపిన ఆసుపత్రులున్నాయి. 2014 సవరణ చట్టంలోని ఈ అడ్డంకిని సరిదిద్దింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలాంటి చోట్ల ఉపశమన వైద్యం వేళ్లూనుకుంది. చాలా జిల్లాల్లో మాత్రం మార్ఫిన్ ఇంకా అందని మందే.

నిషేధం సరుకు స్వభావాన్ని కూడా మారుస్తుంది. దాచి తరలించాల్సి వచ్చినప్పుడు తక్కువ జాగాలో ఎక్కువ మత్తు ఉన్నదే లాభం. అమెరికాలో నల్లమందు సంతతికి చెందిన మత్తులు హెరాయిన్ మీదుగా ఫెంటనిల్ దాకా రావడానికి ఇదొక కారణం. 2022లో అక్కడ ఓవర్‌డోస్ మరణాలు లక్ష దాటాయి. ఇక చంపేస్తే సమస్య తీరుతుందనుకున్న ఫిలిప్పీన్స్‌లో 2016 తర్వాత పోలీసుల లెక్క ప్రకారమే ఆరు వేలమందికి పైగా చచ్చిపోయారు. అప్పటి అధ్యక్షుడు డుటెర్టే 2025 మార్చిలో అరెస్టయి హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి చేరాడు. పేదల వాడల్లో శవాలు లేచాయే తప్ప సరుకు ఆగలేదు.

నడిమి మెట్లు: మూడు ప్రయోగాలు

చట్టబద్ధత వాదులు తరచూ పోర్చుగల్ పేరెత్తుతారు. పోర్చుగల్ మత్తుమందులను చట్టబద్ధం చేయలేదు. 2001 జులై నుంచి, పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికినవాడిని నేరస్థుడిగా చూడడం మానేసింది, అంతే. సరుకు జప్తు చేస్తారు. మనిషిని ఆరోగ్యశాఖ కిందున్న ఒక చిన్న కమిషన్ ముందుకు పంపుతారు. న్యాయం, వైద్యం, సామాజికసేవ తెలిసినవాళ్లు కూర్చుని మాట్లాడతారు. వ్యసనం లేదనిపిస్తే హెచ్చరించి వదిలేస్తారు, ఉందనిపిస్తే చికిత్సకు నడిపిస్తారు. అమ్మేవాడికి జైలు మామూలే. అప్పటికి ఆ దేశ జనాభాలో సుమారు ఒక శాతం హెరాయిన్‌లో కూరుకుపోయి ఉంది. సూదులు పంచుకోవడం వల్ల వచ్చే కొత్త హెచ్‌ఐవీ కేసులు ఏటా వెయ్యి దాటేవి, పదిహేనేళ్లలో అవి పదుల్లోకి దిగాయి. ఆ ఘనత చట్టానిది ఒక్కదానిదే కాదు. అదే సమయంలో చికిత్సా కేంద్రాలు, హెరాయిన్‌కు బదులుగా ఇచ్చే మెథడోన్ పంపిణీ, వీధుల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు పెద్దఎత్తున వచ్చారు. 2012 తర్వాత నిధులూ పర్యవేక్షణా సన్నగిల్లాయి. 2023 నాటికి పోర్టో, లిస్బన్ వీధుల్లో బహిరంగ వాడకంపై మళ్లీ గగ్గోలు మొదలైంది.

స్విట్జర్లాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. జ్యూరిక్‌లోని ప్లాట్స్‌పిట్స్ పార్కు 1980ల చివర్లో యూరప్ హెరాయిన్ బజారు. 1992లో దాన్ని మూసేస్తే జనం పక్క వీధులకు చేరారు. 1994లో, ఏ చికిత్సకూ లొంగని పాత రోగులకు క్లినిక్‌లో నర్సు కళ్లముందే శుద్ధమైన హెరాయిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. దొంగతనాలు తగ్గాయి, మరణాలు తగ్గాయి, కొందరు ఉద్యోగాల్లో కుదురుకున్నారు. 2008లో ప్రజాభిప్రాయం అడిగితే 68 శాతం దానికి సరే అన్నారు. అదే రోజు గంజాయి చట్టబద్ధత ప్రతిపాదనను మాత్రం భారీగా తిప్పికొట్టారు. రోగికి మందు వేరు, ఊరికి దుకాణం వేరు అని ఆ ఓటర్లు తేల్చిచెప్పారు.

మూడో ప్రయోగం అమెరికాలోని ఒరెగాన్‌ది. 2020 నవంబరు ఓటింగులో అన్ని మత్తుమందుల స్వల్ప వాడకాన్నీ నేరాల జాబితా నుంచి తీసేశారు. దొరికితే వంద డాలర్ల చలానా, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అదీ మాఫీ. ఫోన్ చేసినవాళ్లు చాలా కొద్దిమంది. చికిత్సకని కేటాయించిన నిధులు కేంద్రాలకు చేరేసరికి ఏడాదికి పైగా పట్టింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఫెంటనిల్ పడమటి తీరానికి చేరింది. మరణాలు పెరగడానికి ఈ చట్టం ఎంత కారణం, ఫెంటనిల్ ఎంత కారణం అన్నదానిపై పరిశోధకులు ఒక మాట మీదకు రాలేదు. జనం అంతదాకా ఆగలేదు. 2024 సెప్టెంబరు నుంచి అది మళ్లీ నేరమైంది. పోర్చుగల్ ఆసుపత్రి మంచం వేస్తూనే జైలు తలుపు తీసింది. ఒరెగాన్ తలుపు తీసి, మంచం కోసం టెండర్లు పిలిచింది.

దుకాణం తెరిచిన దేశాలు

నెదర్లాండ్స్‌లో 1976 నుంచి కాఫీషాపుల్లో గంజాయి అమ్మకాన్ని చూసీచూడనట్టు వదిలేశారు. మనిషికి అయిదు గ్రాములు. కానీ ఆ షాపుకు సరుకు తెచ్చేవాడు నేరస్థుడే. ముందు గుమ్మం చట్టానిది, వెనక గుమ్మం ముఠాలది. ఈ పీటముడి విప్పడానికి చట్టబద్ధంగా పండించిన సరుకుతో 2023 డిసెంబరులో రెండు నగరాల్లో ప్రయోగం మొదలుపెట్టారు, దాదాపు యాభై ఏళ్లకు.

ఉరుగ్వే 2013లో చట్టం చేసి, ఫార్మసీల్లో అమ్మకం 2017 దాకా మొదలుపెట్టలేదు. కొనేవాడు పేరు నమోదు చేసుకుని వేలిముద్ర వేయాలి. ప్రకటనలు లేవు, మత్తు శాతంపై పరిమితి ఉంది. కెనడా 2018 అక్టోబరులో దుకాణాలు తెరిచింది. దొంగ బజారు చాలావరకు చిక్కిపోయింది, యువకులపై కేసులు బాగా తగ్గాయి. మరోవైపు గంజాయి కలిపిన మిఠాయిలు తిని ఆసుపత్రుల పాలైన పసిపిల్లల సంఖ్య పెరిగిందని అక్కడి పరిశోధకులే చూపించారు. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో 4 శాతం, 2021లో 15 శాతం. దుకాణాల్లో అమ్మే గాఢసారాల్లో ఇంకా ఎక్కువ. 1894 నాటి కమిషన్ చూసిన గంజాయీ ఇదీ ఒకటి కాదు. ఆ నివేదికను ఎత్తిచూపి "గంజాయి హానిలేనిది" అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

థాయిలాండ్ కథ ఇంకా వేగంగా నడిచింది. 2022 జూన్‌లో గంజాయిని నిషిద్ధ జాబితా నుంచి తీసేశారు. నియమాలు రాయడం మరిచారు. వేల దుకాణాలు పుట్టుకొచ్చాయి. 2025 జూన్‌లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఉత్తర్వు ఇచ్చారు. తెరిచిన దుకాణాన్ని మూయించడం తెరవడమంత తేలిక కాదని ప్రభుత్వానికి అప్పుడు తెలిసొచ్చింది.

చట్టబద్ధమైన లాభాపేక్ష ఎంత దూరం పోగలదో అమెరికా నొప్పి మాత్రలే చెబుతాయి. 1996లో వచ్చిన ఆక్సీకాంటిన్ ఏ దొంగ దారిలోనూ రాలేదు. కంపెనీ తయారుచేసింది, డాక్టరు రాశాడు, ఫార్మసీ అమ్మింది. వ్యసన భయం తక్కువని కంపెనీ ప్రతినిధులు నమ్మబలికారు. ఫెంటనిల్ తుఫానుకు నేల దున్నింది ఆ మాత్రలే.

మన బడి

తెలుగు పాఠకుడికి ఈ వాదన కొత్త కాదు. నిషేధం, లైసెన్సు, సర్కారు దుకాణం, మళ్లీ లైసెన్సు, అన్నీ సారా, మద్యాల రూపంలో ముప్పై ఏళ్లలో చూసేశాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా పాకలను తరిమారు. 1993లో సారా పోయింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో, పక్క రాష్ట్రాల నుంచి సరుకు పారుతోందని, ఖజానా ఖాళీ అయిందని ఎత్తేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సర్కారు దుకాణాలు, 2024లో మళ్లీ ప్రైవేటు. 2020లో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డ ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. వ్యసనానికి వైద్యం లేని చోట సరఫరా ఒక్కటే ఆపితే ఏమవుతుందో ఆ ఊరు చూపించింది. బీహార్ మద్యనిషేధ చట్టం హైకోర్టును బెయిలు దరఖాస్తులతో నింపేసిందని, అది ముందుచూపు లేని శాసనానికి ఉదాహరణ అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ 2021 డిసెంబరులో విజయవాడలోనే చెప్పారు.

తెలంగాణ కల్లు కథ ఇంకో పాఠం. కల్లుకు లైసెన్సుంది, సొసైటీలున్నాయి, ఎక్సైజ్ శాఖ కాపలా ఉంది. చెట్ల నుంచి దిగే కల్లుకూ కాంపౌండ్లలో అమ్ముడయ్యే కల్లుకూ పొంతన లేదు. ఆ తేడాను నీళ్లూ, క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తు రసాయనాలూ పూడుస్తాయి. 2015లో కల్తీపై దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కూలిజనం చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, ఏదేదో మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చిపడ్డారు. కొందరిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా తెచ్చారు. అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే వచ్చే లక్షణాలవి. మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలి. దాడికి జీపులు సిద్ధమయ్యాయి, చికిత్సకు వార్డులు కాలేదు. పదేళ్ల తర్వాత, 2025 జులైలో, కూకట్‌పల్లి కాంపౌండ్లలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

ఖజానా సంగతీ చూడాలి. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. తిరిగిరాని రెండు లక్షల ఫీజుతో, ఒక్క సీసా అమ్మకుండానే సర్కారుకు 2,600 కోట్ల పైచిలుకు ముట్టింది. ఈ ఆదాయం రుచి మరిగిన ప్రభుత్వం అమ్మకాలు తగ్గాలని కోరుకుంటుందా? పల్లెల్లో బెల్టు షాపులు ఎందుకు మూతపడవో ఇక వేరే చెప్పనక్కర్లేదు. 'గంజాయికి లైసెన్సిచ్చి పన్ను వేయండి, ఆ డబ్బుతో బడులు కట్టండి' అనేవాళ్లు కెనడా ఆరోగ్యశాఖను ఊహించుకుంటున్నారు. ఇక్కడ ఆ పని అప్పగించేది మన ఎక్సైజ్ శాఖకే.

అయితే ఏం చేయాలి?

పైన చూసిన అనుభవాలన్నీ రెండు కొసల నుంచీ లోపలికి జరగమంటున్నాయి. మన చట్టం 27వ సెక్షన్ వాడకానికే, మత్తుమందును బట్టి, ఆరు నెలల దాకా లేదా ఏడాది దాకా జైలు పెట్టింది. చికిత్సకు ఒప్పుకుంటే వదిలేసే 64ఏ సెక్షన్ ఉన్నా, కేసు పడ్డాక వాడుకోవాల్సిన మినహాయింపు అది. దీన్ని తిరగేయాలి: స్వల్ప పరిమాణంతో దొరికినవాడు మొదట డాక్టరు దగ్గరికి వెళ్లాలి, కోర్టుకు కాదు. అందుకు డాక్టరు ఉండాలి. ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. చట్టం ఒప్పుకున్న మత్తుకే ఈ గతైతే, దొంగచాటు మత్తు సంగతి ఊహించుకోవచ్చు. పంజాబ్ సర్కారు క్లినిక్‌లలో హెరాయిన్ వ్యసనం మాన్పించే బుప్రెనార్ఫిన్ మాత్రలు ఇస్తోంది. అలాంటి ఏర్పాటు మన ప్రతి జిల్లా ఆసుపత్రిలో ముందు రావాలి, ఆ తర్వాతే చట్టంలో సడలింపు. గిరిజన ఏజెన్సీలో తోటలు నరికే గొడ్డలితో పాటు కాఫీ మొక్క, రోడ్డు, పంట కొనేవాడు వెళ్లాలి. బస్తా మోసినవాడినీ బస్తా యజమానినీ ఒకే గాటన కట్టే బెయిలు నిబంధన మారాలి.

గంజాయి దుకాణాల సంగతి నేను వద్దనే అంటాను, ఇప్పటికైతే. ఎప్పుడైనా తెరవాల్సి వస్తే ఉరుగ్వే పద్ధతిలో ప్రకటన లేకుండా, పైగా లాభం లేకుండా, ఆదాయం ఖజానాలో కలవకుండా తెరవాలి. బెల్టు షాపు మూయించడం చేతకాని ప్రభుత్వానికి గంజాయి లైసెన్సులు పంచే అర్హత లేదు. అలాగే, వ్యసనపరుడికి జిల్లా ఆసుపత్రిలో ఒక మంచం చూపించలేని ప్రభుత్వానికి అతణ్ని జైల్లో పెట్టే అర్హతా లేదు.